పెరటిలో తంగేడు

మన పెరళ్లలో మల్లెకు పందిరి కలదు; గులాబికి పాదు కలదు; తులసికి కోట కలదు. తంగేటికి మాత్రము చోటు లేదు. ఊరి వెలుపల గట్లమీద, బీళ్లలో, బాటల ప్రక్కల తనంత తానే పూచునది గదా, దానిని నాటి పెంచుట యెందుకని మనవారి తలంపు. ఈ తలంపు నేడు చెల్లదు. బీళ్లు ఇండ్లస్థలము లగుచున్నవి. బాటలు వెడల్పగుచున్నవి. గుట్టలు కంకరకై కరగిపోవుచున్నవి. వానితోపాటు తంగేటి పొదలును పోవుచున్నవి. పట్టణములలోని స్త్రీలు పండుగనాడు తంగేడు పూవును వెలయిచ్చి కొనుట మామూలైనది.

ఆ పూవు లేకున్న తెలంగాణమున పండుగే లేదు. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియు తొమ్మిది దినములును, పళ్లెరమున వలయములుగా పూలు పేర్చి పైన పసుపు గౌరమ్మను నిలుపుదురు. గునుగు, బంతి, కట్ల మున్నగు పూలెన్ని యున్నను తంగేడు లేని బతుకమ్మ కంటికి నిండుగా తోచదు. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014వ సంవత్సరముననే తంగేడును రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి.

ఇది వానలు తక్కువగు మెట్టనేలల మొక్క. తెలుగునాటను, తమిళ, కన్నడ సీమలలోను, సింహళద్వీపమునందును సహజముగా పెరుగును. తమిళులు దీనిని ఆవారమందురు. వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు 1753లో దీనికి పెట్టిన పేరులో 'ఆరిక్యులేటా' యను మాట కలదు. చెవులు గలదని దాని యర్థము. ఆకుకాడ మొదట చెవివలె గుండ్రనగు చిన్న రేకు లుండుటచే ఆ పేరు వచ్చినది. పశువులు సాధారణముగా దీని నంటవు. కావుననే మేతబీళ్లలో సయితము ఇది నిలిచి బ్రతికినది.

మన పెద్దలు దీనిని పూవుకొఱకే యెఱుగరు. దీని పట్టను లందలో వేసి తోళ్లను పదును చేసెడివారు. ఆంగ్లేయులు దీనిని 'టానర్స్ కాషియా' యనుట అందుచేతనే. దీని ఆకును రైతులు వరిమడులలో త్రొక్కించి పచ్చిరొట్ట యెరువుగా వాడిరి.

ఇక పెంచు విధము. బాగుగా ముదిరి గోధుమవన్నె తిరిగిన పలుచని కాయలను కోసి యెండబెట్టి విత్తులు తీయవలెను. వీని పై తోలు మిక్కిలి గట్టిది. ఊరక చల్లినచో నీటిని పీల్చుకొనక నెలల తరబడి మొలవకుండవచ్చును. కావున ప్రతి విత్తు నొక ప్రక్కను గరుకురాతిపై కొంచెము రాచి, రాత్రియంతయు నీట నానవేయవలెను. ఉబ్బినవి మొలచును, ఉబ్బనివానిని మరల రాచి నానవేయుడు.

మృగశిర కార్తెలో తొలకరి పడిన పిదప, ఎండ నిండుగా తగులు చోట, నాలుగైదడుగుల యెడముతో గుంటలు తీసి గుంటకు రెండు మూడు విత్తులు అరయంగుళము లోతున నాటుడు. మొలచిన పిమ్మట బలమైనదాని నొక్కటి యుంచి తక్కినవానిని తీసివేయవలెను. దీనికి తల్లివేరు లోతుగా దిగును. ఎదిగిన మొక్కను పెకలించి వేరొకచోట నాటినచో చచ్చును. బీటినుండి పొదను త్రవ్వి తెచ్చి పెరటిలో పెట్టుకొనవలెనను కోరిక యెవరికేని కలిగినచో దానిని మానుటయే మేలు. అక్కడిదియు పోవును, ఇక్కడను బ్రతుకదు.

ఈ మొక్కకు మనము చేయు కీడు చాలవఱకు ప్రేమవలననే కలుగును. మల్లెకువలె దినదినమును నీరు పోసినచో వేరు కుళ్లును. పెంట యెక్కువ వేసినచో ఆకు దట్టమై పూవు తగ్గును. మొదటి యెండకాలమున వారమున కొక్కమాఱు తడుపుట చాలును. పిదప వానలకే వదలవచ్చును. గరుసు నేల దీనికి ఇష్టము. నీరు నిలుచు పల్లము పనికిరాదు. పూత ముగిసిన తరువాత కొమ్మలను మూడవవంతు కత్తిరించినచో పొద గుబురుగా పెరిగి మఱుసటి యేడు మిక్కిలిగా పూచును. పండుగకు కోయునపుడు కొమ్మలు విఱువక గుత్తులు మాత్రమే త్రుంచి, కొన్నింటిని చెట్టుననే విడువవలెను. కాయ లేనిచో విత్తు లేదు.

విడిచిన పూలకు అతిథులు కలరు. తంగేడు పూవున తేనె లేదు, పుప్పొడియే కలదు. అదియు కేసరముల కొనలనున్న సన్నని రంధ్రములలో దాగి యుండును. తుమ్మెద పూవును పట్టుకొని జుమ్మని రెక్కల కండరములు కదల్చినపుడు ఆ యదురునకు పుప్పొడి జల్లున రాలును. పిల్లలను దగ్గఱకు పిలిచి ఈ వింత చూపుడు. పచ్చని సీతాకోకచిలుకలు ఆకులపై గ్రుడ్లు పెట్టును. వాని పురుగులు కొంత ఆకు తినును. అందుకై మందు చల్ల బనిలేదు. పొద మరల చిగుర్చును.

ఒక హెచ్చరిక. మధుమేహమునకు తంగేడు పూల కషాయము త్రాగు వాడుక పలు యిండ్లలో కలదు. దానిని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట ప్రమాదము. మఱియు నేలతంగేడు వేఱు, అది విరేచనకారి. పేరు విని రెంటిని ఒకటిగా తలంపరాదు.

బతుకమ్మనాడు మనము ఒకరికొకరము పసుపుకుంకుమలు, ఫలహారములు పంచుకొందుము. వానితో పాటు ఒక చిటికెడు తంగేడు విత్తులను పొట్లము కట్టి యిచ్చినచో ఎంత బాగుండును! ఈ యేటి పండుగ ముగిసిన పిమ్మట కాయలు ముదురుదాక వేచి, మీ యూరి గట్టునుండి ఒక గుప్పెడు విత్తులు కొంగున కట్టుకొని రండు. మన కోడండ్రును మనుమరాండ్రును తమ పెరటి పూవులతోనే గౌరమ్మను కొలుతురు.