పంక్తిలో పిడికెడు గుగ్గిళ్లు

ఉత్సవ దినాలలో పూలమాలలు కట్టే సేవకు పెద్దలతో పాటు పిల్లలూ వస్తారు. కొన్నేళ్లుగా ఆ సేవలో పాల్గొంటున్న నేను గమనించిన విషయం ఒకటున్నది. ఆజ్ఞలూ గద్దింపులూ తప్ప మరొక మాట వినబడని చోటికి పిల్లలు మరునాడు రారు. తడిపిన అరటినారతో పూలను ఒద్దికగా ముడివేయగల చేతులు నేడు తగ్గిపోతున్నవి. ఆ విద్య తరువాతి తరానికి అందాలంటే ముందుగా చనువు కుదరాలి. దానికి దగ్గరి దారి కలిసి తినే చిరుతిండి.

శ్రీమద్భాగవత దశమ స్కంధంలో ఇందుకు చక్కని నిదర్శనం ఉన్నది. అఘాసుర వధానంతరం శ్రీకృష్ణుడు యమునా సైకతంపై గోపబాలురతో కలిసి చల్దులు ఆరగించాడు. తామరపువ్వు చుట్టూ రేకుల వలె బాలురు ఆయన చుట్టూ కూర్చున్నారు. ఆకులు, పూలు, రాళ్లే వారికి కంచాలు. ఎవరి చల్ది రుచిని వారు ఇతరులకు చూపుతూ నవ్వారు, నవ్వించారు. ఇంతలో దూడలు దూరంగా పోయాయి. తినడం ఆపవద్దని మిత్రులకు చెప్పి, చేతిలోని ముద్దతోనే స్వామి వాటిని వెదకబోయాడు.

గుండ్రంగా కూర్చోవడం, ఒకరి రుచి ఒకరికి పంచడం, శ్రమను పెద్దరికం గలవాడే ముందుగా తలకెత్తుకోవడం: ఈ మూడింటినీ మేము పాటిస్తున్నాం. సేవకు ముందు పావుగంట, పూలకు దూరంగా, అందరమూ చాపలపై కూర్చుంటాం. మోకాళ్ల నొప్పి గలవారికి తప్ప పీటలు ఉండవు. వడ్డన పిల్లలది, ఆకులు ఎత్తి చోటు తుడిచే పని పెద్దలది. తాతగారి దోసిట గుగ్గిళ్లు పోసిన పిల్లవాడు, కాసేపటికి ఆయననే ముడి ఎలా వేయాలో జంకు లేకుండా అడుగుతాడు. చేతులూ నోరూ శుభ్రంగా కడుగుకొన్న తరువాతనే పూలను తాకుతాం.

ఇది కూలి కాదని మరువరాదు. పని చేస్తేనే పెడతామన్నా, అల్లరి చేసిన వానికి తగ్గించినా చనువు నిలువదు. ఏ బిడ్డకు ఏ పదార్థం పడదో తల్లిదండ్రులను ముందే అడగాలి. రాత్రి నానబెట్టి ఉదయం ఉడికించి తాలింపు పెట్టిన శనగలు, బెల్లం కలిపిన అటుకులు, అరటిపండ్లు చాలును.

పూలు సమర్పించే దాతలు వాటితో పాటు కొన్ని శనగలు కూడా ఇవ్వవచ్చును. ఇచ్చి వెళ్లిపోక ఆ పావుగంట పిల్లల నడుమ కూర్చొనవలసిందిగా నా మనవి.