మరిగితే చాలునా?

"నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి?" అని అడిగితే హైస్కూలు పిల్లవాడు కూడా "నూరు డిగ్రీల సెంటీగ్రేడు" అని టక్కున చెబుతాడు. పరీక్షలో ఆ జవాబుకి మార్కులు పడతాయి. అదే జవాబును నమ్ముకుని అమెరికాలోని కొలరాడో కొండల మీద చిక్కుడుకాయలు సీసాకెత్తిన ఇల్లాలికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకో చూద్దాం.

వేసవిలో మనం ఆవకాయ పెట్టుకున్నట్లే, అక్కడ చాలామంది పెరట్లో పండిన టమాటాలు, బీన్సు, పళ్ళు గాజుసీసాల్లో నింపి, మూతపెట్టి, వేడిచేసి శీతకాలానికి దాచుకుంటారు. దీన్నే క్యానింగ్ అంటారు. ఈ విద్యకు ఆద్యుడు నికొలా అపేర్ అనే ఫ్రెంచివాడు. తన పద్ధతిని 1810లో గ్రంథరూపంలో ప్రకటించి, ఫ్రెంచి ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. అయితే ఆహారం ఎందుకు చెడిపోకుండా ఉంటోందో ఆయనకే తెలియదు. సూక్ష్మజీవుల పాత్రను అర్ధశతాబ్దం తరువాత పాశ్చర్ వచ్చి చెప్పాడు.

చావని శత్రువు

మరిగే నీటిలో చాలా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మొండిఘటం ఒకటుంది. దాని పేరు క్లాస్ట్రీడియం బొట్యులినం. మట్టిలో ఉండే దీని సిద్ధబీజాలు నూరు డిగ్రీల వేడిని గంటల తరబడి తట్టుకోగలవు. పైగా గాలి చొరని సీసా అంటే దానికి అత్తవారిల్లే! అక్కడ మొలకెత్తి విషం తయారుచేస్తుంది. రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. తిన్న మనిషికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట తడబడుతుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలే పడిపోతాయి. 2015లో ఒహాయో రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో ఒక చర్చి విందులో బంగాళాదుంపల సలాడ్ తిని 29 మంది జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. ఆ దుంపలు ఇంట్లో సీసాకెత్తినవి. ప్రెషర్‌తో చేయవలసిన పనిని ఉత్త మరిగే నీళ్ళతో సరిపెట్టారు.

ఈ శత్రువుకి పులుపంటే గిట్టదు. పి.హెచ్. 4.6కు మించని పులుపు ఉంటే అది పెరగలేదు. అందుకే పళ్ళకు, జామ్‌లకు మరిగే నీళ్ళు చాలు. టమాటా సరిహద్దు మీద ఉంటుంది కనుక నిమ్మరసం కలపాలి. బీన్సు, దుంపలు, మాంసం వంటి పులుపులేని వాటికి మాత్రం 116 నుంచి 121 డిగ్రీల వేడి, అంటే ప్రెషర్ క్యానర్ తప్పదు.

కొండెక్కితే ఏమవుతుంది?

పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ చొప్పున మరిగే వేడి కూడా తగ్గుతుంది. 1,600 మీటర్ల ఎత్తునున్న డెన్వర్‌లో నీళ్ళు 95 దగ్గరే కళపెళలాడతాయి. 3,000 మీటర్లు దాటిన లెడ్‌విల్‌లో 90 దగ్గరే! మంట ఎంత పెంచినా ఆవిరి పెరుగుతుందే గాని వేడి పెరగదు. కనుక మరిగే నీళ్ళ పద్ధతిలో కాలం పెంచాలి. సముద్రమట్టం దగ్గర 5 నిమిషాలు చాలిన జామ్ సీసాకు డెన్వర్‌లో 10 నిమిషాలు పెట్టాలి.

ప్రెషర్ క్యానర్ సంగతి వేరు. దాని ముల్లు చూపేది బయటి గాలి కన్నా లోపల ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో మాత్రమే. బయటే తక్కువైతే మొత్తం తక్కువైనట్లే కదా! అందుకని కాలం మార్చకుండా ఒత్తిడి పెంచుతారు. పల్లపు ఊళ్ళలో చదరపు అంగుళానికి 11 పౌన్లు పెట్టేచోట డెన్వర్‌లో 13 పెట్టాలి. ముల్లు బదులు బరువు ఉండే క్యానరైతే వెయ్యి అడుగులు దాటగానే 10కి మారుగా 15 పౌన్ల బరువు వాడాలి.

"మనింట్లో కుక్కర్ ఉందిగా!" అనకండి. అన్నం వండే చిన్న కుక్కరు త్వరగా వేడెక్కి త్వరగా చల్లారిపోతుంది. క్యానింగ్ లెక్కల్లో ఆ నెమ్మది కూడా కలిసే ఉంటుంది. డెన్వర్‌లో ఉన్న మనవాళ్ళు పప్పూ, సాంబారూ సీసాల్లో బిగించే ప్రయోగం చేయకుండా ఫ్రీజరులో పెట్టుకోవడమే క్షేమం.

మరి ఆవకాయ? అది ఏ కొండ మీదైనా ఆవకాయే. దాన్ని కాపాడేది వేడి కాదు, మామిడి పులుపు, ఉప్పు. చాలామంది నూనె కాపాడుతుందనుకుంటారు. నూనె గాలిని అడ్డుకుంటుంది, అంతే. గాలి లేకపోతే బొట్యులినానికి సంతోషమే! పులుపులేని వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి బయట నిల్వ ఉంచకూడదనేది ఇందుకే.

ఈసారి ఎక్స్‌కర్షన్‌కి హార్స్‌లీ హిల్స్ వెళితే, లెక్చరర్ గారినడిగి ఒక థర్మామీటరు వెంట తీసుకెళ్ళండి. టీ నీళ్ళు మరుగుతుండగా ముంచి చూడండి. పాదరసం 96 దగ్గరే ఆగిపోతుంది. పుస్తకంలోని "నూరు" వెనుక "సముద్రమట్టం వద్ద" అనే మాట ఉందని అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.