నడక తప్పితే ఓడినట్టే

గుర్రప్పందెం అనగానే తెలుగువాళ్ల కళ్లముందు మెదిలేది మలక్‌పేట మైదానం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1886లో పందేలు అక్కడికి చేరినప్పటి నుంచీ మనం చూస్తున్నది ఒకటే రకం. గేటు తెరుచుకుంటుంది, థరోబ్రెడ్ గుర్రాలు ఒక్క ఉదుటున దూకుతాయి, జాకీలు రికాబుల మీద లేచి మెడల మీదికి వాలుతారు, ముందు గీత దాటిన గుర్రానిదే గెలుపు. ఇంగ్లాండులోని గ్రాండ్ నేషనల్‌లో నాలుగు మైళ్లకు పైగా పరిగెత్తిస్తూ 30 కంచెలు దూకించినా, ఇటలీలోని సియెనాలో జీను లేకుండా నగర కూడలి చుట్టూ మూడు చుట్లు తిప్పినా, అమెరికాలో క్వార్టర్ హార్స్‌ను పావు మైలు ఉరికించినా సూత్రం మారదు. ఎంత త్వరగా వచ్చిందన్నదే లెక్క, ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. గుర్రప్పందెమంటే ఇంతే అనుకోవడం వల్ల గుర్రంలోని అసలు విద్య మన చూపు దాటిపోతోంది. ఆ విద్య దాని నడకలో ఉంది.

మన సంగీతంలో లయకు వాడే ‘నడ’, ‘గతి’ అన్న మాటలు గుర్రానికి అతికినట్టు సరిపోతాయి. మామూలు నడకలో నాలుగు డెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి, అది చతురశ్రం. ట్రాట్‌లో ముందరి కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి పడతాయి, ఆ తర్వాత రెండో జత. వినిపించేవి రెండే దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, అచ్చంగా తిశ్రం. దౌడులో నాలుగు దెబ్బలు వడివడిగా పడి, ఆపై ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. ఈ తేడాలు మనవాళ్లు గమనించనివి కావు. అమరకోశం గుర్రపు గతులను ఐదుగా విడదీసి, వాటిని ధారలని పిలిచింది. కదం తొక్కడం అన్న మాట ఇవాళ ఊరేగింపులకు, ఉద్యమాలకు అంకితమైపోయింది గానీ, అందులో వినిపించేది గుర్రపు అడుగే.

ఈ లయనే నిబంధనగా పెట్టుకున్న పందేలున్నాయి. అమెరికా, ఫ్రాన్స్, స్వీడన్ దేశాల్లో జరిగే హార్నెస్ రేసింగ్‌లో గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి ఉంటుంది, తోలేవాడు అందులో కూర్చుంటాడు. ట్రాటర్ అయితే గీత దాటేదాకా ట్రాట్‌లోనే ఉండాలి. పేసర్ అయితే ఒకవైపు రెండు కాళ్లనూ కలిపి వేస్తూ, ఒంటె నడిచినట్టు సాగాలి. ఆవేశం పట్టలేక దౌడులోకి దూకిందా, తోలేవాడు పగ్గం బిగించి మళ్లీ నడకలోకి తేవాలి. ఈలోగా వెనకున్నవాళ్లు ముందుకెళ్లిపోతారు. దౌడు తీస్తే ఓడిపోయే పందెం ఇది. అందుకోసమే తీర్చిదిద్దిన జాతికి స్టాండర్డ్‌బ్రెడ్ అన్న పేరు కూడా ఒక కొలత నుంచే వచ్చింది. 1879లో పెట్టిన ప్రమాణం మైలుకు రెండున్నర నిమిషాలు. ఇప్పటి మేటి పేసర్లు అదే మైలును ఒక నిమిషం 50 సెకన్లలోపే దాటేస్తున్నాయి. పారిస్ దగ్గరి వాన్సెన్‌లో 1920 నుంచి జరుగుతున్న ప్రి దామెరిక్‌కు ట్రాట్ పందేల్లో ఉన్న గౌరవం, దౌడులో ఎప్సమ్ డెర్బీకి ఉన్నంతటిది.

నడక విలువ స్వారీ చేసేవాడి వెన్నుకు తెలుస్తుంది. ట్రాట్‌లో డెక్కల జత పడ్డ ప్రతిసారీ గుర్రం వీపు ఎగిరిపడుతుంది. అందుకే రౌతు ఆ దెబ్బకు తగ్గట్టు జీను మీంచి లేస్తూ కూర్చుంటూ ఉండాలి. ఐస్‌లాండ్ గుర్రపు ‘టోల్ట్’ నడకలో ఆ ఎగురుడు ఉండదు. నాలుగు కాళ్లూ విడివిడిగా, సమానమైన ఎడంతో పడతాయి, ఏదో ఒక డెక్క నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. చేతిలో నిండు గ్లాసు పట్టుకుని తొణక్కుండా స్వారీ చేయడం అక్కడ వేడుకగా సాగే పోటీ. వేగం పెరిగినా కూర్చున్న మనిషి కదలడు, కింద డెక్కల చప్పుడు మాత్రం చిక్కబడుతుంది. పల్లకి హాయి, గుర్రపు వడి రెండూ ఒకేచోట దొరికినట్టుంటుంది. మధ్యయుగపు ఐరోపాలో దూరప్రయాణాలకు ఇలాంటి గుర్రాలనే కోరుకునేవారు. రోడ్లు బాగుపడి బండ్లు పెరిగాక, బండికి నప్పే ట్రాట్ గుర్రాలు వాటి చోటు ఆక్రమించాయి. ఐస్‌లాండ్ మాత్రం వెయ్యేళ్లకు పైగా తన జాతిలో మరో రక్తం కలవనివ్వలేదు. దేశం దాటిన గుర్రాన్ని ఇవాళ్టికీ తిరిగి రానివ్వరు.

దౌడే గుర్రానికి సహజమనీ, మిగతావన్నీ మనిషి బలవంతాన నేర్పిన విన్యాసాలనీ ఒక వాదన ఉంది. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం దీనికి జవాబు కనిపెట్టింది. వెన్నుపాములో ఎడమ కుడి కాళ్ల కదలికను సమన్వయం చేసే నాడీకణాలకు సంబంధించిన డీఎంఆర్‌టీ3 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే గుర్రానికి ఈ నడకలు అబ్బుతాయని తేలింది. టోల్ట్ గుర్రాల్లోనూ హార్నెస్ పందెపు గుర్రాల్లోనూ ఉన్నది అదే మార్పు. దాంతో ట్రాట్ నుంచి దౌడులోకి మారడం కష్టమవుతుంది, అందుకే ఎంత వేగంలోనైనా నడక నిలుస్తుంది. శిక్షణ పాత్ర లేదని కాదు. పేసర్ల కాళ్లకు పట్టీలు కట్టే పద్ధతీ ఉంది. కానీ లేని లయను ఏ పట్టీ పుట్టించలేదు. ఇంగ్లాండులోని యార్క్‌లో దొరికిన 9వ శతాబ్దపు గుర్రాల ఎముకల్లోనూ ఈ మార్పు కనిపించింది. పరిశోధకులు పుట్టకముందే ఎవరో రైతులు, బాటసారులు హాయిగా నడిచే గుర్రాన్ని ఎంచి పెంచుకున్నారన్నమాట.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. నడకను పోటీకి పెడితే క్రూరత్వం పుడుతుందంటారు. అమెరికాలో టెన్నెస్సీ వాకింగ్ హార్స్ ముందుకాళ్లను మరీ ఎత్తి వేయాలన్న దురాశతో, కాళ్లకు మంటపుట్టే రసాయనాలు పూసి, గొలుసులు తగిలించిన దుర్మార్గం చరిత్రలో ఉంది. దాన్ని అడ్డుకోవడానికే 1970లో అక్కడ చట్టం చేయాల్సి వచ్చింది. ఇది దాచదగ్గ సంగతి కాదు, తేలిగ్గా క్షమించదగ్గదీ కాదు. అయితే అక్కడ బహుమతి పొందింది నడక కాదు, కంటికి కొట్టొచ్చే ఆర్భాటం. నొప్పితో కాలు ఎగరేసే గుర్రంలో హాయి ఉండదు, దాని మీద కూర్చున్నవాడికీ ఉండదు. ఎత్తుకు మార్కులు వేసినచోట హింస మొలిచింది. లయ సమానంగా ఉందా, వీపు నిలకడగా ఉందా అని చూసేచోట బాధపడే గుర్రం తానే బయటపడుతుంది, ఎందుకంటే కాలు నొప్పి మొదట చెడగొట్టేది తాళాన్నే.

ఇంతదూరం వెళ్లనక్కర్లేదు, మన దేశంలోనే ఈ సంపద ఉంది. కచ్, బాడ్‌మేర్ ఎడారుల్లోని కచ్ఛీ-సింధీ గుర్రం ‘రేవాల్ చాల్’ అనే కుదుపులేని నడకకు పేరుపడ్డది. మార్వాడీ గుర్రాల్లోనూ ఆ నడక ఉంది. ఆ ప్రాంతపు జాతరల్లో దౌడు తీయనివ్వకుండా రేవాల్ పందేలు వేస్తారు. ఇసుకలో ఎండలో మైళ్లకొద్దీ పోయేవాడికి వీపు నొప్పి పుట్టించని గుర్రమే గుర్రం, ఆ ఎంపికలోంచే ఈ విద్య నిలిచింది. రేసు క్లబ్బుల క్యాలెండర్లలో దీనికి చోటులేదు, పత్రికల క్రీడా పుటల్లో అసలే లేదు. ఇంగ్లాండు నుంచి వచ్చిన కొలత ఒక్కటే కొలతగా మిగిలినంతకాలం ఈ గుర్రాలు జాతర సరుకుగానే ఉండిపోతాయి.

నడకను చూడటానికి జనం వస్తారా అని అడగొచ్చు. ఐస్‌లాండ్‌లో 250 మీటర్ల పేస్ పందెం చూసినవాళ్లెవరూ అది మందకొడిగా ఉందనరు. నెమ్మదిగా సాగేదానికీ జనం వస్తారనడానికి కొలంబియా, ప్యూర్టోరికోల పాసో ఫినో జాతి గుర్రాల పోటీలే రుజువు. అక్కడ బరి మధ్యలో ఒక పొడవాటి చెక్కబల్ల పరుస్తారు. గుర్రం చిన్నచిన్న అడుగులతో దానిమీద సాగుతుంది, ముందుకు కదిలేది జానెడు, పడే దెబ్బలు డజన్లు. అప్పటిదాకా కేకలేసిన జనం ఒక్కసారిగా నోరు మూసుకుంటారు. న్యాయనిర్ణేతలు గుర్రాన్ని చూడటం మాని చెవి ఒగ్గుతారు, నాలుగు దెబ్బల మధ్య ఎడం ఎక్కడైనా తేడా వచ్చిందా అని.