సముద్రాన్ని కొలిచేదెలా?

రైల్వేస్టేషను బోర్డు మీద ఊరి పేరు కింద ‘సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు’ అని రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. మరి ఆ సముద్రమట్టాన్ని ఎలా కొలిచారు? సముద్రం ఒక్క క్షణమైనా కదలకుండా ఉండదు కదా!

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక ప్లాస్టిక్ సీసా పైభాగం కోసివేసి, అడుగున సన్నని రంధ్రం చేయండి. నీళ్ళున్న బకెట్టులో దాన్ని నిలువుగా పట్టుకోండి. కాసేపటికి సీసాలోని నీరు, బయటి నీరు ఒకే మట్టానికి వస్తాయి. ఇప్పుడు రెండో చేత్తో బకెట్టులో అలలు లేపండి. బయట నీరు ఎగసిపడుతున్నా సీసాలోని నీరు పెద్దగా కదలదు. అల వచ్చిపోయేలోగా ఆ సన్నని రంధ్రం గుండా నీరు చాలినంత లోపలికి రాలేదు. కాని బకెట్టులో మరో రెండు చెంబుల నీళ్ళు పోస్తే, సీసాలో మట్టం కూడా మెల్లగా పెరుగుతుంది.

ఓడరేవుల్లో సముద్రాన్ని కొలిచింది ఈ సూత్రంతోనే. నిలువు గొట్టంలో ఒక బెండు తేలుతూ ఉంటుంది. అది లేచి దిగుతుంటే, గడియారంతో పాటు తిరిగే కాగితం మీద గీత పడుతుంది. దీన్ని టైడ్‌గేజి అంటారు. ఇటీవలి కాలంలో బెండుకు బదులు రాడార్‌ను కూడా వాడుతున్నారు. ఆటుపోట్ల హెచ్చుతగ్గులన్నిటికీ ఏళ్ళ తరబడి సగటు కడితే సగటు సముద్రమట్టం వస్తుంది. ముంబాయిలో 1878 నుంచి, విశాఖపట్నంలో 1937 నుంచి ఇలాంటి కొలతలు ఉన్నాయి.

ఇంతటితో పని అయిపోయిందా? లేదు. మీ తమ్ముడి ఎత్తును గోడమీద గీతలు గీసి కొలుస్తున్నారనుకోండి. ఆ గోడే కుంగిపోతూ ఉంటే? తమ్ముడు పెరగకపోయినా పెరిగినట్లే కనిపిస్తాడు!

సముద్రం విషయంలో నిజంగా ఇదే జరుగుతుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో టైడ్‌గేజి ప్రకారం ఇరవయ్యో శతాబ్దంలో సముద్రం ఏటా దాదాపు 4 మిల్లీమీటర్ల చొప్పున తగ్గింది. తగ్గింది సముద్రం కాదు, పెరిగింది నేల. వేల ఏళ్ళ క్రితం మంచుయుగంలో బ్రహ్మాండమైన మంచు బరువుకు అణగిన ఆ భూమి, మంచు కరిగిపోయాక ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది. ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో దీనికి విరుద్ధం. భూగర్భజలాన్ని విపరీతంగా తోడడంతో నేల కుంగి, 1960ల తరువాత అక్కడి గేజి ఏటా సెంటీమీటరుకు పైగా పెరుగుదల చూపింది.

కాబట్టి ఏ ఒక్క రేవు కొలతా, ఏ ఒక్క దేశం కొలతా సముద్రం సంగతి పూర్తిగా చెప్పలేదు. అందరి కొలతలూ ఒకచోట చేర్చి పోల్చాలి. ఆ పని కోసమే 1933లో ఒక సంస్థ ఏర్పడింది. అది ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి పనిచేస్తోంది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య వైరం నడిచిన కాలపు కొలతలు కూడా ఆ ఖాతాలో పక్కపక్కనే ఉన్నాయి. 1985లో యునెస్కో ఆధ్వర్యాన ‘గ్లాస్’ అనే పథకం మొదలయింది. దానిలోని సుమారు 300 ప్రధాన కేంద్రాలలో మన విశాఖపట్నం ఒకటి.

ఇక నడిసముద్రం మాటేమిటి? అక్కడ గేజి పాతడానికి నేలే లేదు. 1992లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి టోపెక్స్-పోసిడాన్ అనే ఉపగ్రహాన్ని 1336 కిలోమీటర్ల ఎత్తున నిలిపాయి. అది రాడార్ తరంగాన్ని కిందికి పంపి, నీటిని తాకి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలిచింది. ఒక్క సెంటీమీటరు తేడా తెలియాలంటే సెకనులో దాదాపు 1500 కోట్లవ వంతును లెక్కపెట్టాలి! అంతటి పరికరమూ కొద్దిగా దారి తప్పిందని, తీరంలోని పాత టైడ్‌గేజిలతో పోల్చినప్పుడే బయటపడింది. 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ‘సరళ్’ కూడా ఇటువంటిదే. ఉపగ్రహం, రాకెట్టు భారతదేశానివి. సముద్రాన్ని కొలిచే పరికరం ఫ్రాన్సుది.

ఉపగ్రహాల ఆయుర్దాయం కొద్ది సంవత్సరాలే. కొత్త తక్కెడ కొన్న వ్యాపారి ఏం చేస్తాడు? ఒకే సరుకును రెంటిలోనూ తూచి చూశాకనే పాతది పక్కన పెడతాడు. ఇక్కడా అంతే. 2020లో వెళ్ళిన సెంటినెల్-6 ఉపగ్రహం, అంతకుముందున్న జేసన్-3 వెనుక 30 సెకన్ల ఎడంతో అదే దారిలో సుమారు ఏడాదిపాటు తిరిగింది. అందువల్లనే 1992 నుంచి కొలత గొలుసు తెగలేదు.

ఇంత శ్రమ దేనికి? 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 1971 వరకు ఏటా 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం, 2006–2018 మధ్య 3.7కు చేరింది. వేడికి సముద్రజలం వ్యాకోచించడం, నేలమీది మంచు కరగడం ఇందుకు ముఖ్య కారణాలు. మిల్లీమీటర్లే కదా అనుకోకండి. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మీ పెద్దలను అడగండి. సముద్రమట్టం ఎంత పెరిగితే, అటువంటి ఉప్పెన అంత ఎత్తు మీద నుంచి బయలుదేరుతుంది. కట్ట ఎంత ఎత్తు వేయాలో చెప్పేవి ఈ కొలతలే.

1878లో ముంబాయి రేవులో గేజి కాగితం మార్చిన ఉద్యోగికి ఉపగ్రహం సంగతి తెలియదు. అయినా తేదీ, వేళ తప్పకుండా రాశాడు. మీరు కూడా ఈరోజు బకెట్టు ప్రయోగం చేసి, తేదీతో సహా మీ నోటుబుక్కులో రాసుకోండి.