పాకే తూకపురాయి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. హంగరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంలో, ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ప్రయోగశాలలో కుందేలు కండని ఖీమా కొట్టి పొటాషియం ఉప్పునీళ్ళలో నానబెట్టేవారు. 20 నిమిషాల్లో వడగడితే మయోసిన్ అనే కండ ప్రోటీన్ ఉన్న పల్చటి ద్రవం దిగేది. ఒకసారి అక్కడి పరిశోధకురాలు ఇలోనా బంగా ఆ నానుడు గిన్నెని రాత్రంతా వదిలేశారు. తెల్లారేసరికి గంజి తొరక కట్టినట్టు చిక్కబడింది. కణాలకి ఇంధనమైన ఏటీపీ కాస్త వేస్తే మళ్ళీ జారుగా అయిపోయింది. మయోసిన్‌తో పాటు ఇంకేదో దిగిందన్నమాట. అదే ప్రయోగశాలలోని బ్రూనో స్ట్రౌబ్ దాన్ని విడదీశారు. 1942లో దానికి ఆక్టిన్ అని పేరు పడింది.

కండలో దొరికింది కదా, కండదే అనుకున్నారు. తీరా వెతికితే అమీబాలోనూ ఉంది! మనిషిలో ఆక్టిన్ జన్యువులు ఆరు. నాలుగు కండరాల పనికి: ఒంటి కండలు, గుండె, రక్తనాళాలు, పేగులు. బీటా, గామా అనే మిగతా రెండూ దాదాపు ప్రతి కణంలోనూ పనిచేస్తాయి. 375 అమైనో ఆమ్లాల్లో ఈ రెంటికీ తేడా నాలుగే.

పాకుతున్న కణాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. ముందు అంచు పల్చటి దోసెలా సాగుతుంది. ఆ అంచు వెనక ఆక్టిన్ పూసలు గుచ్చుకుని 7 నానోమీటర్ల మందాన తాళ్ళవుతాయి. ఆర్ప్ 2/3 అనే ఏడు ప్రోటీన్ల ముఠా పాత తాడు పక్కన 70 డిగ్రీల వాలులో కొత్త కొమ్మ వేస్తుంది. కొసన పూసలు చేరుతుంటాయి, వెనక రాలుతుంటాయి. పొర ముందుకు జరుగుతుంది.

గాయం పూడేది ఈ పాకుడుతోనే. క్యాన్సర్ కణం సొంతంగా కనిపెట్టిందేమీ లేదు, ఇదే యంత్రాన్ని ఎక్కి ఊరు దాటుతుంది. ఆక్టిన్ మొనల్ని ముందుకు పొడిచి, ఎంజైములతో చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించి దారి చేసుకుంటుంది. బూజు నుంచి తీసిన సైటోకలాసిన్ ఆ తాళ్ళని పెరగనివ్వదు. కానీ దాన్ని మందుగా ఇస్తే ఆరోగ్యంగా ఉన్న కణాలూ కుదేలవుతాయి.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. బీటా ఆక్టిన్ ఎక్కడైనా ఒకే మోతాదులో ఉంటుందని నమ్మి, పరిశోధకులు దాన్నే తూకపురాయిగా పెట్టుకున్నారు. వేరే ప్రోటీన్ పెరిగిందో తగ్గిందో తేల్చాలంటే, ప్రోటీన్లు చారలుగా కనిపించే పరీక్ష పట్టీ మీద, పక్కన 42 కిలోడాల్టన్ల దగ్గర దీని నల్లచార ఉండాల్సిందే. కాలేయం, పెద్దపేగు క్యాన్సర్ల వంటి వాటిలో ఆ రాయి బరువే మారుతోందని తర్వాత బయటపడింది. అందుకే ఇప్పుడు చాలామంది పట్టీ మీదున్న ప్రోటీన్ మొత్తానికీ రంగు వేసి లెక్క కడుతున్నారు.