పాల వ్యాను గేరు ఆయిలు: ఎప్పుడు మార్చాలి? ఎలా మార్చాలి?

పాలలో నీళ్లు కలిస్తే కంటికి తెలియదు, లాక్టోమీటరు కావాలి. గేరు ఆయిలులో నీళ్లు కలిస్తే ఏ పరికరమూ అక్కరలేదు. ఆయిలు మజ్జిగలా తెల్లబడి తానే చెబుతుంది. కాని ప్లగ్గు విప్పి చూసేవారు ఉండాలి. ఇంజను ఆయిలు సంగతి అందరికీ గుర్తుంటుంది. గేరుబాక్సు ఆయిలు మాత్రం బండి దారిలో నిలిచిపోయిన రోజునే గుర్తుకు వస్తుంది.

ఆ రోజు బండిలో ఉన్నవి ఊరందరి పాలు. పితికిన పాలను త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చాలి. వేసవిలో వ్యాను గంటల తరబడి ఆగిపోతే పాలు పులిసి, కేంద్రంలో మరిగించి చూసినప్పుడు విరిగిపోతాయి. ఆ నష్టం సంఘానిది, అంటే సభ్యులది.

ఎప్పుడు మార్చాలి?

బండితో వచ్చిన పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్ని నెలలకు అని ఉంటుంది. ఏది ముందు వస్తే దానిని పాటించాలి. భారం, దుమ్ము, తరచు ఆగి కదలడం ఉండే బండికి కొన్ని పుస్తకాలలో తక్కువ గడువు విడిగా ఇస్తారు. ఊరూరా ఆగుతూ క్యాన్లు ఎక్కించుకునే పాల వ్యానుకు ఆ తక్కువ గడువే వర్తిస్తుంది.

ద్వారకా తిరుమల మెట్టలో దుమ్ము సమస్య. కొల్లేరు పల్లంలో నీటి సమస్య. తమ్మిలేరు, బుడమేరు పొంగినప్పుడు రోడ్ల మీద నీరు పారుతుంది. వేడెక్కిన గేరుబాక్సు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలిగొట్టం గుండా, అరిగిన సీళ్ల గుండా నీటిని లోపలికి లాగుతుంది. కనుక గేరుబాక్సు మునిగేంత నీటిలో బండి నడిస్తే గడువు కోసం చూడరాదు. వెంటనే గేరుబాక్సును, వెనుక డిఫరెన్షియల్‌ను విప్పించి చూడాలి. తెల్లబడితే ఆ ఆయిలు మార్చాలి. నీరు కలిసిన ఆయిలుతో తిరిగితే బేరింగులు తుప్పుపట్టి, గేర్లు అరుగుతాయి.

ఎలా మార్చాలి?

1. బండి కొంతదూరం నడిచి వచ్చాక, ఆయిలు గోరువెచ్చగా ఉండగా సమతలంలో నిలపాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి.

2. ముందుగా ఆయిలు పోసే ప్లగ్గు వదులు చేయాలి. అది బిగుసుకుపోయి రాకపోతే, అడుగు ప్లగ్గు విప్పిన తరువాత బండి కదలడానికి వీలుండదు.

3. అడుగు ప్లగ్గు విప్పి పాత ఆయిలు పూర్తిగా దించాలి. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి మెత్తని ఇనుప పొడి అంటుకోవడం సహజం. ముక్కలు కనిపిస్తే గేరు విరుగుతోందని అర్థం, మెకానిక్కుకు చూపాలి.

4. కొత్త వాషరు వేసి అడుగు ప్లగ్గు బిగించి, పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయాలి. చాలా బండ్లలో పోసే రంధ్రం అంచుకు ఆయిలు వస్తే నిండినట్టు. జి.ఎల్.4 చెప్పినచోట జి.ఎల్.5 పోయరాదు. అందులోని గంధకపు మిశ్రమాలు కొన్ని గేరుబాక్సుల ఇత్తడి రింగులకు హాని చేయగలవు.

ఆటోమేటిక్ గేరు బండ్ల పద్ధతి వేరు. వాటిలో ద్రవం కేవలం కందెన కాదు. ఇంజను శక్తిని చక్రాలవైపు పంపేదీ, లోపలి క్లచ్చులను ఒత్తిడితో పనిచేయించేదీ అదే. ఇది తరచు ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడువాసన వస్తే ప్రమాద సూచన. కిందికి దించినా కొంత ద్రవం లోపలే ఉండిపోతుంది కనుక, దిగినదానిని కొలిచి అంతే పోసి, తరువాత పుస్తకం చెప్పిన వేడిలో మట్టం సరిచూడాలి. ఇందులో మామూలు గేరు ఆయిలు ఎన్నడూ పోయరాదు.

పాత ఆయిలు కాలువలో పారబోయవద్దు. మన కాలువల నీరు చేరే కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. డబ్బాలో నిలువచేసి అనుమతి గల సేకరణదారుకు ఇవ్వాలి.

పాలకవర్గాలకు ఒక మనవి. ఆయిలు మార్చిన తేదీ, మీటరు అంకె, ఆయిలు రకం లాగ్ బుక్కులో వ్రాయించి, బిల్లు వోచరుకు జతచేయండి. అద్దె వ్యాను అయితే ఈ షరతును ఒప్పందంలోనే చేర్చండి. వానాకాలానికి ముందే గాలిగొట్టం, సీళ్లు చూపించండి. కొద్ది లీటర్ల ఆయిలు ఖర్చుకు వెనుకాడితే, క్యాన్లకు క్యాన్లు పాలు పారబోయవలసి వస్తుంది.