పెళ్ళికూతురి లెన్సు ముందు పెద్దవాళ్ళను కూర్చోబెట్టండి

అవనిగడ్డ: దివిసీమలో ఏ పాత ఇంట్లోకి వెళ్ళినా నడవ గోడకు పటాలు కనిపిస్తాయి. దేవుళ్ళ పటాలు, ఒక పెళ్ళి ఫొటో, దండ వేసిన పెద్దల ఫొటోలు. సముద్రం వైపు ఊళ్ళలో మాత్రం ఉండవలసిన ముఖాలు కొన్ని గోడల మీద లేవు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మనుషులను, గొడ్డూగోదాను, ఇళ్ళను ఊడ్చుకుపోయినప్పుడు పెట్టెల్లో ఉన్న ఫొటోలను కూడా వదలలేదు. సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి.

మా నాయనమ్మ పెద్దకొడుకు, అంటే మా పెదనాన్న, ఆ ఉప్పెనలో పోయినవాడే. అప్పటికి ఆయనకు ఒక్క ఫొటో కూడా తీయించలేదు. వాడి కళ్ళు అచ్చం నీ కళ్ళేరా అని నాయనమ్మ నాతో అంటూ ఉండేది. అంతకుమించి ఆ ముఖం మా తరానికి తెలియదు.

మూడేళ్ళ కిందట నాయనమ్మ కూడా పోయింది. పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయించాలని ఫొటో కోసం వెతికాము. ఇంట్లో ముగ్గురికి సెల్‌ఫోన్లు ఉన్నాయి, వాటిలో వేల ఫొటోలు ఉన్నాయి. కాని పటం కట్టించదగిన నాయనమ్మ ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఒకదానిలో మనవడి భుజం అడ్డం వచ్చింది. ఇంకొకటి మా చెల్లెలు చెయ్యి చాచి తీసుకున్నది. అందులో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి ఆమె వేరెవరిలాగానో ఉంది. చివరకు ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించాము. కార్యానికి వచ్చిన దూరపు బంధువు ఒకాయన దాన్ని చూసి ఈమె ఎవరని అడిగాడు. తప్పు ఎవరిదీ కాదు, మాదే.

ఈ సంగతి గుడివాడలో పెళ్ళి ఫొటోలు తీసే ఒక మిత్రుడికి చెబితే, అతను బీరువాలోంచి లావుపాటి పొట్టి లెన్సు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద 85 మిల్లీమీటర్లు అనీ, పక్కన 1.8 అనీ రాసి ఉంది. దీనికి జూమ్ లేదు. మనిషి దగ్గరగా పడాలన్నా దూరంగా పడాలన్నా తీసేవాడే నడవాలి. ఇటువంటివాటిని ప్రైమ్ లెన్సులంటారు. ఇదే పనికి 135 మిల్లీమీటర్లది వాడేవారూ ఉన్నారు. పెళ్ళికూతురిని ఒక్కదాన్నే నిలబెట్టి తీసేటప్పుడు బయటకు వచ్చేవి ఈ లెన్సులే.

85 లెన్సుతో తల, భుజాలు నిండుగా పడాలంటే ఆరడుగుల దూరాన నిలబడాలి. 135 అయితే పదడుగులు. అసలు కిటుకు ఆ దూరంలోనే ఉంది. మనిషి ముక్కు కొస చెవులకన్నా సుమారు అయిదంగుళాలు ముందుకు ఉంటుంది. సెల్‌ఫోనును అడుగున్నర దూరంలో పెట్టి తీస్తే, చెవులతో పోల్చినప్పుడు ముక్కు పావువంతుకు పైగా పెద్దదై పడుతుంది. ఆరడుగుల నుంచి తీస్తే ఆ తేడా నూటికి ఏడు పాళ్ళే. ఎదుటి అరుగు మీద కూర్చుని మాట్లాడే మనిషిని మనం చూసేది ఇంచుమించు ఆ దూరం నుంచే. అందుకే ఆ ఫొటోలో నాయనమ్మ నాయనమ్మలాగే ఉంటుంది.

ఇక 1.8 అన్నది లెన్సు లోపలి రెక్కలు ఎంత తెరుచుకుంటాయో చెప్పే అంకె. అంకె చిన్నదయ్యేకొద్దీ కన్నం పెద్దదవుతుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సును పూర్తిగా దగ్గరకు లాగితే సాధారణంగా 5.6 దగ్గర ఆగుతుంది. దానికన్నా 1.8 లెన్సు దాదాపు పది రెట్లు వెలుగును లోపలికి తీసుకుంటుంది. తాటాకింటి వసారాలో, మబ్బు పట్టిన సాయంత్రం కూడా ఫ్లాష్ లేకుండా తీయవచ్చు. ఫ్లాష్ వెలిగితే పెద్దవాళ్ళ ముఖం బిగుసుకుపోతుందన్నది చాలామందికి అనుభవమే. పైగా వెనక ఉన్న గడ్డివాము, దండెం మీది బట్టలు, నీళ్ళ డ్రమ్ము మసకబారి ముఖం ఒక్కటే తేటగా నిలుస్తుంది.

ఒక చిక్కు లేకపోలేదు. 1.8 దగ్గర ఆరడుగుల నుంచి తీస్తే తేటగా పడే లోతు రెండంగుళాలే. ముక్కు మీద ఫోకస్ పెడితే కళ్ళు మసకబారతాయి. కనుక కంటి మీదే పెట్టాలి. పెద్దవాళ్ళు కూర్చున్నా కొంచెం ఊగుతారు కాబట్టి, వెలుగు చాలినంత ఉంటే రెక్కలను 4 దాకా మూస్తే ఆ లోతు నాలుగంగుళాలవుతుంది.

ముఖాలకంటూ ఒక లెన్సు ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే లెక్కల ప్రొఫెసరు అటువంటి లెన్సును తయారు చేశాడు. అంతకుముందు ఫొటో దిగేవారు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఈ లెన్సుతో అది నిమిషం లోపుకు తగ్గింది.

కంటి మీద ఫోకస్ ఎందుకో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1984లో పాకిస్తాన్‌లోని ఒక శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ అనే అమెరికా ఫొటోగ్రాఫరు 105 మిల్లీమీటర్ల లెన్సుతో ఒక అఫ్గాన్ బాలికను తీశాడు. 1985 జూన్‌లో ఆ ఫొటో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అట్ట మీద వచ్చింది. అప్పటికి ఆమె పేరు లోకానికి తెలియదు. 2002లో ఆమె ఆచూకీ దొరికినప్పుడు, పాత ఫొటోలోని కనుపాప చుట్టూ ఉన్న వలయాన్ని ఆమె కంటితో పోల్చి ఆమేనని తేల్చారు. అన్నేళ్ళ తరువాత కూడా ఆ కన్ను సాక్ష్యం చెప్పింది.

మన ఇళ్ళలో ఈ పనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఉదయమో సాయంత్రమో, ఎండ తగలని వసారాలో వెలుగు వచ్చే వైపు ముఖం పెట్టి పెద్దవాళ్ళను కూర్చోబెట్టాలి. వెనక గోడ పదడుగుల దూరంలో ఉంటే మేలు. రోజూ కట్టుకునే చీర, పంచె చాలు. కాసేపు మాటల్లో పెట్టి తీయాలి. ముఖం మీది ముడతలు చెరిపేయవద్దని ఫొటోగ్రాఫరుకు ముందే చెప్పాలి. సెల్‌ఫోను తప్ప గతిలేకపోతే, దానిలో 2 అనో 3 అనో ఉన్న జూమ్ గుర్తు నొక్కి ఆరడుగులు వెనక్కి జరిగి తీయండి. అచ్చు వేయించాక ఒక ప్రతిని గుడివాడలోనో బెజవాడలోనో ఉన్న బంధువుల ఇంట ఉంచండి. ఉప్పెన చూసిన సీమవాళ్ళకు ఇది ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంక్రాంతికి గుడివాడ మిత్రుణ్ణి పిలిచి మా అమ్మకు, నాన్నకు తీయించాను. పావుగంట కూడా పట్టలేదు. ఈసారి మీ ఊళ్ళో పెళ్ళికి ఫొటోగ్రాఫరు వచ్చినప్పుడు, ఆ లెన్సును సంచిలో పెట్టేయక ముందే ఒక పది నిమిషాలు అడగండి.